గుణింతం లేని అక్షరాలు

సాఫ్ట్‌వేర్ నేర్చినవాణ్ణల్లా విమానమెక్కించిన రోజులవి. నేనూ ఎక్కాను. సింగపూర్‌లో మా కంపెనీ పని, కంప్యూటర్లలో లేని లిపులు టైపయ్యేలా చేయడం. నా వంతుకు అమెరికాలోని ఆదివాసుల భాష చెరోకీ వచ్చింది. ఊరి చివర హౌగాంగ్ పేటలో నలుగురం పంచుకున్న ఫ్లాట్‌లో నిద్ర, మిగతా రోజంతా ఆ అక్షరాలతో కాపురం.

శ్రీపంచమి నాడు గుంటూరులో నా నాలుగేళ్ల కూతురికి అక్షరాభ్యాసం. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి బియ్యంలో మొదటి అక్షరం రాయించాల్సింది నేను. లీవు ఇచ్చారు, టికెట్టు కూడా కొన్నాను.

అంతలో నా తెలుగు బుద్ధి నా కొంప ముంచింది. గుణింతం లేని భాష ఉంటుందా అనుకుని, క్లయింట్ నుంచి ఆ అక్షరాల బొమ్మలు రాకముందే, 'క'కు గుడిస్తే 'కి', కొమ్మిస్తే 'కు' అన్న పద్ధతిలో ప్రోగ్రామంతా రాసిపారేశాను. బొమ్మలొచ్చాక చూస్తే అక్కడ 'క'కీ 'కి'కీ చుట్టరికమే లేదు. ఏ శబ్దానికి ఆ శబ్దానికే విడి అక్షరం. రెండు నెలల పని గంగలో కలిసింది.

ఆ అక్షరాలు చేసినాయన వెండిపని చేసేవాడట, చదువు రాదట. తెల్లవాళ్ళ కాగితాల మీద చూసిన ఆకారాలు కొన్ని తీసుకుని, కొన్ని తానే కల్పించి, తన భాష శబ్దాలకు ఇచ్చాడు. జనం నమ్మకపోతే చిన్న కూతురికి నేర్పి, చదివించి చూపించాడు. అది తెలిసి నాకు ఒళ్ళు మండింది. తన కూతురికి తానే నేర్పుకుంటానంటే ఆయనకు అడ్డుపడే మేనేజరు లేడు మరి.

మా మేనేజరు మలేషియాలో పుట్టిన తెలుగాయన; అక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తాడు, అక్కడి అలవాటుగానే మేమాయన్ని అంకుల్ అంటాం.

"తప్పు నాదే అంకుల్. పాప అక్షరాభ్యాసానికి నాలుగు రోజులు వెళ్ళొచ్చి సరిచేస్తాను."

"నాకెవడు చేశాడు లా? తెలుగు ఒక్క అక్షరం రాదు, నేను బతకడం లేదా? క్లయింట్ వెయిటింగ్. పోతే పో, పాస్ క్యాన్సిల్ చేసేస్తా."

నా వర్క్ పాస్ ఆ కంపెనీ చేతిలో ఉంది. అది పోతే దేశం వదలాలి, ఇల్లు నడిచేదేమో నా జీతం మీద. ఆఫీసు తలుపు తెరిచే ఉంది, నేనే కదలలేను. మళ్ళీ సీట్లో కూర్చున్నాను.

"ఏవండీ, పోనీ వచ్చే ఏడు పెట్టుకుందామా?" అని ఫోన్‌లో మా ఆవిడ అడిగింది. అప్పుడైనా వదులుతారని చెప్పే ధైర్యం లేక, వాళ్ళన్నయ్య ఒళ్ళో కూర్చోబెట్టి కానిచ్చేయమన్నాను.

శ్రీపంచమి నాడు ఫోన్ చేస్తే పాప తీసింది.

"ఏం రాశావు తల్లీ?"

"నేను రాయలేదు. నాన్నొచ్చాక రాస్తానని పిడికిలి మూసేశాను."

"మరి?"

"మామయ్య నా వేలు లాగి రాయించేశాడు."