మంచులో పెట్టిన విత్తనం

కొన్నేళ్లుగా ఒక పందిని మోస్తున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. ఇంకొకరు ఈ మాట చెబితే ముందుగా నవ్వేది నేనే. బరువు మాత్రం నిజం. మీకూ చెప్పి పూర్తిగా దింపుకుంటాను.

ఆదోని పశువుల ఆసుపత్రిలో నేను సహాయకుణ్ణి. ఆబోతు లేకుండా పశువులకు చూలు కట్టించే పద్ధతి మాకు అప్పుడప్పుడే వచ్చింది. ఆబోతు వీర్యాన్ని ఫ్లాస్కులో మంచుగడ్డల మధ్య పెట్టి ఊళ్లకు మోసేవాళ్లం. ఒక వేసవిలో డాక్టరుగారు తెల్ల సీమపంది వీర్యం నా చేతికిచ్చి, "దీనికి మంచు తగిలించకు, చచ్చిపోతుంది. తడిగుడ్డ చుట్టు చాలు" అన్నారు. నేను ఆ పంది పెళ్లికొడుకు మీద జోకులు వేసే పనిలో ఉన్నాను. బస్సు ఎక్కేముందు, చేతి అలవాటు కొద్దీ, సోడా అంగట్లో మంచు కొని ఫ్లాస్కు నింపాను.

సగం దారిలో ఆయన మాట గుర్తొచ్చింది. వెనక్కి తిరగొచ్చు. తిరిగానా? ఎమ్మిగనూరులో శాంతమ్మ అనే ఆమె తనకున్న ఒక్క ఆడపందిని కడిగి నిలబెట్టింది. చూడటానికి వీధంతా చేరింది. అంతమంది ముందు నవ్వులపాలు కావడం నావల్ల కాలేదు. చచ్చిన విత్తనమని తెలిసే గొట్టంతో ఎక్కించాను.

చూలు నిలవక పంది మళ్లీ ఎదకు వచ్చింది. నాకు కబురొచ్చింది.

"నీ మందు తప్పిందేమో సూడప్పా," అంది శాంతమ్మ.

"మందు తప్పలేదు. నీ పంది గొడ్డుదమ్మా."

"దీనమ్మ ఇంటినిండా ఈనింది గదా!"

"అమ్మ ఈనితే కూతురు ఈనాలని యాడ రాసిండారు?"

చుట్టూ చేరినవాళ్లంతా పగలబడి నవ్వారు. శాంతమ్మ నవ్వలేదు. ఆమెకు పిల్లలు లేరు. నాకా సంగతి తెలుసు. తెలిసీ ఎందుకన్నాను? నవ్వించేస్తే ఇంకెవరూ నన్నేమీ అడగరని. ఇంతకంటే గొప్ప కారణం వెతికినా దొరకలేదు.

గొడ్డు పందిని మేపేదెవరు? ఆదివారానికి కోతకు పోయింది. దాని పిల్లల మీద సొంతంగా బతకాలనుకున్న మనిషి ఆదోని పత్తి మిల్లుకు కూలికొచ్చింది. ఎదురైనప్పుడల్లా "బాగుండావా అప్పా?" అనేది. తిట్టినా బాగుండేది.

ఈ సాయంత్రం మిల్లు గేటు దగ్గర చెప్పేశాను. మంచు సంగతి, నా అబద్ధం, అన్నీ. క్షమించమని అడగలేదు, నోరు అంతదూరం పోలేదు. ఆమె నావైపు చూడనైనా లేదు. వెనక వస్తున్న ఆడకూలీలను కేకేసి, "ఇన్నారా, మా పంది గొడ్డుది గాదంట!" అంటూ వాళ్లలో కలిసిపోయింది.

వాళ్లంతా తిరిగి నన్నే చూశారు. జోకేమీ తట్టలేదు. ప్రాణం హాయిగా ఉంది.