గ్యారేజీ జట్టుకు మేం పెట్టని సంతకాలు

గల్ఫ్‌లో నేనుండే చోటు మనామాలోని గుదైబియా. అక్కడ మా లాండ్రీవాడు చొక్కా కాలరు లోపల చెరగని నల్ల సిరాతో నంబరు రాస్తాడు. నాది 47-సి. రోజూ డ్యూటీకి వేసుకునే చొక్కాకూ పెళ్లికి దాచుకున్న చొక్కాకూ ఒకటే మర్యాద. చిన్న చీటీ కుట్టకూడదా భాయ్ అని పదకొండేళ్లుగా అడుగుతున్నాను. చీటీ ఊడిపోతుంది, సిరా పోదు అంటాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా కోపానికి అదే కారణం.

మా ఫుట్‌బాల్ జట్టు జెర్సీలను మాత్రం ఎన్నడూ లాండ్రీకి ఇవ్వలేదు. కార్మికులుండే సల్మాబాద్ క్యాంపులో ప్రతి శనివారం పొద్దున అభిమానులే వంతులవారీగా ఉతుకుతారు. జట్టు కోసం ప్రాణమిస్తామని చెప్పే అభిమానులు లోకంలో చాలామంది ఉన్నారట. మేం సబ్బు ఇచ్చాం.

జట్టు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. శుక్రవారం సెలవునాడు వర్క్‌షాపుల వాళ్లు, క్యాంపుల వాళ్లు ఆడుకునే చిన్న లీగ్ అది. మాది ఒక గ్యారేజీ పేరు మీద పుట్టిన జట్టు. గ్యారేజీ వెనక ఖాళీ ఇసుక నేలే మా మైదానం. గోల్ స్తంభాలు పాత స్కాఫోల్డింగ్ పైపులు, వల నిజంగానే చేపల వల. ఆటకు ముందు ట్యాంకరు నీళ్లు చల్లితే దుమ్ము గంటసేపు మాట వింటుంది. క్యాంపు గేటు నుంచి మైదానానికి నడిచి ఐదు నిమిషాలు. ఈ ఐదు నిమిషాలను గుర్తుపెట్టుకోండి, గొడవంతా దీని గురించే.

ఆడేవాళ్లలో ఎక్కువమంది మలయాళీలు, నేపాలీలు. అరిచేవాళ్లలో ఎక్కువమంది మా కరీంనగర్, జగిత్యాల వైపువాళ్లు. కబడ్డీ, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని వాళ్లం, నడిచిపోయేంత దూరంలో ఇదొక్కటే ఉంది కాబట్టి ఫుట్‌బాల్ అభిమానులమయ్యాం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. రిఫరీ మా మీద ఇచ్చింది ఆఫ్‌సైడ్ కాదని మాత్రం అందరికీ తెలుసు. పుట్టీ డబ్బాలు బోర్లించి దప్పు దెబ్బ వేస్తుంటే అవతలి జట్టు మేం గెలుస్తున్నామేమో అనుకునేది. లీగ్‌లో మా స్థానం సాధారణంగా కింది నుంచి రెండోది.

జట్టులో మా భాషవాడు ఒక్కడే, గోల్‌కీపరు. జగిత్యాల దగ్గరి మనిషి, షట్టరింగ్ కార్పెంటరు, యాభైకి దగ్గరపడ్డాడు. కుడిచేతి వేలొకటి ఎప్పుడో రంపానికి సగం పోయింది. బంతి గోల్లోకి వెళ్లాలంటే తొమ్మిదిన్నర వేళ్లను దాటుకుని వెళ్లాలి. నన్ను తమ్మీ అంటాడు. మిగతావాళ్లు స్టోరు సార్ అంటారు, నేను బీకాం చదివి అల్యూమినియం కంపెనీలో స్టోర్‌కీపరుగా ఉన్నందుకు.

జట్టు మొదటి యజమాని గ్యారేజీ నడిపిన మలబారు సేటు. ఆయన ఇచ్చినవి బంతులు, ట్యాంకరు, మౌనం. ఆయన పాలనలో అభివృద్ధి జరగలేదు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మోకాళ్లు అరిగి ఊరికి వెళ్లిపోతూ గ్యారేజీ అమ్మేశాడు. లిఫ్టులూ కంప్రెసరూ పాత టైర్లతో పాటు జట్టు కూడా కొత్త చేతికి వెళ్లింది. ఆ కొత్త చెయ్యి మా కంపెనీ యజమానిదే. కోస్తా మనిషి, రిఫాలో విల్లా, మాట మెత్తన. తెలుగువాడు యజమాని అయ్యాడని మేం ఆ వారం పుట్టీ డబ్బాలు కొంచెం గట్టిగానే వాయించాం.

నెల తిరక్కుండా నన్ను ఆఫీసుకు పిలిచారు.

"చూడండి, మన టీమ్ ఎదగాలండీ. ఎన్నాళ్లని ఆ దుమ్ములో? అభిమానుల అభిప్రాయం తీసుకుందాం. మీరు చదువుకున్నవారు, మీరే ఫ్యాన్స్ కోఆర్డినేటర్."

ఆ హోదా నాకు నచ్చలేదని చెబితే అబద్ధం. కాలరు మీద 47-సి తప్ప వేరే బిరుదు లేనివాణ్ని.

చేతికిచ్చిన కాగితం ఇంగ్లిషులో ఉంది. పైన అభిమానుల అభిప్రాయ పత్రం అని ఉంది. కింద ఆరు అంశాలు. కంపెనీ పేరుతో జట్టుకు కొత్త పేరు, కొత్త జెర్సీ, సభ్యత్వ కార్డు, కంపెనీ పేజీలో ఫొటోలు, బయటినుంచి జీతానికి ఆటగాళ్లు. ఆరోది, మైదానం రిఫా దగ్గరి టర్ఫ్‌కు మార్పు. చివర, పై అన్నింటికీ నా సమ్మతి అని. అభిప్రాయానికి చోటు లేదు గానీ సంతకానికి గీత ఉంది. లీగ్ కమిటీ నియమం ప్రకారం జట్టు పేరో మైదానమో మార్చాలంటే సభ్యుల్లో సగానికి మించి సంతకాలు పెట్టాలి. పాత సేటు ఆటగాళ్లనూ అరిచేవాళ్లనూ వేరు చేయకుండా ఒకే పుస్తకంలో రాసేశాడు. అందువల్ల మా అరుపులకు హఠాత్తుగా విలువ వచ్చింది.

ఆరో అంశం దగ్గర నేను కాసేపు ఆగాను. రిఫా క్యాంపు నుంచి నడిచి వెళ్లే దూరం కాదు. "మీకు కారు పంపిస్తాంలెండి" అన్నారాయన. ఆగడం మానేశాను.

క్యాంపులో గది గదికీ తిరిగాను. కొత్త జెర్సీలు, కార్డులు అని చెప్పాను. అందరూ సంతోషించారు. కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. పెన్ను తీయగానే వాతావరణం మారింది.

మా ఊళ్లవాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. ఆ దుబాయి వచ్చినవాడు మొదట నేర్చుకునేది అరబ్బీ కాదు, సంతకం పెట్టకపోవడం. ఈ క్యాంపులో ఒకప్పుడు చదవలేని కాగితం మీద సంతకం పెట్టి ఓవర్‌టైం వద్దని రాసిచ్చినవాళ్లు ఉన్నారు. అప్పటినుంచి అదొక విద్యగా సాగుతోంది. ఎవరూ కాదనరు. అదే అందులోని కళ.

"కళ్లద్దాలు లేవు సార్" అన్నాడు పాతికేళ్ల వెల్డరు. వాడు అద్దాలు పెట్టుకోగా ఎవరూ చూడలేదు.

"ఇయ్యాల అమాస" అన్నాడు పక్కవాడు.

"నిన్నా అమాసే అన్నవు కదరా?"

"నిన్నటిది మిగిలింది సార్."

ఇంకొకడు కాగితాన్ని ఫొటో తీసి ఊళ్లో పంచాయతీ కార్యదర్శిగా ఉన్న బామ్మర్దికి పంపాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. గది అంతా వినేట్టు ఫోను పెట్టాడు. "బావా, ఏందో మంచిగనే ఉన్నట్టుంది. పెట్టకు."

రెండు వారాలు తిరిగి యాభై రెండు ఖాళీ కాగితాలు వెనక్కి తీసుకెళ్లాను. సారుకు అర్థం కాలేదు. "వ్యతిరేకిస్తున్నారా ఏంటి?" అని అడిగారు. లేదు సార్, అందరూ మెచ్చుకుంటున్నారు అన్నాను. అది నిజమే. శుక్రవారం తానే వస్తానన్నారు.

వచ్చారు. ఆట మొదలవడానికి గంట ముందు, తెల్ల కారులో. ఇసుకలో బూట్లు చూసుకుంటూ నడిచి, ఇటుకల ప్యాలెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఎండకు తెర మీద ఆయన ముఖమే కనిపించింది. మా వాళ్లు మర్యాదగా ఆ ముఖాన్నే చూశారు.

"బాబూ, ఇదంతా మీకోసమే. పచ్చటి గ్రౌండు, లైట్లు, కుర్చీలు. మూడేళ్లలో మన టీమ్ ఎక్కడుంటుందో ఊహించండి!"

"రిఫాల ఉంటది సారూ" అన్నాడు వెల్డరు.

గోల్‌కీపరు గ్లవుజులు వేసుకుంటూ ముందుకొచ్చాడు. "తమ్మీ, గా కాగితం వరసగ సదువు."

చదివాను. తెలుగులో చెబుతూ ఒకటి, రెండు, మూడు. ఐదో అంశం వినగానే జీతం ఆటగాళ్లు వస్తే నువ్వెక్కడ కాకా అని ఎవరో గోల్‌కీపరును అడిగారు. "నేను బెంచీ మీద. నా సంగతి తర్వాత, కానియ్" అన్నాడు. ఆరో అంశాన్ని నేను కొంచెం వేగంగా, కొంచెం ఇంగ్లిషులో చదివాను.

"ఆరోది మళ్లొకపారి."

మళ్లీ చదివాను. ఈసారి తెలుగులో. పుట్టీ డబ్బా మీద తట్టుతున్న వేళ్లు ఆగిపోయాయి.

"రిఫాకు మేమెట్ల రావాలె సారూ? శుక్రవారం కంపెనీ బస్సు మనామాకు పోతది, వస్తది. గంతే. కారున్నోళ్లకే గ్రౌండా?" అన్నాడు గోల్‌కీపరు.

"బస్సు వేయిద్దామండీ. అదెంత పని?"

"పొద్దుగాల డ్యూటీకి వచ్చే బస్సే లేటు" అన్నాడు వెనకనుంచి ఒకడు. "ఆటకు బస్సు వచ్చేసరికి వాళ్లు జెర్సీలిప్పుతరు."

"అలా నెగెటివ్‌గా మాట్లాడకూడదు. మీకు టీమ్ ఎదగడం ఇష్టం లేదా?"

"ఎదిగేటిది జట్టా, మీ కంపెనీ బోర్డా?" అన్నాడు వెల్డరు.

నవ్వారు. సారు కూడా నవ్వారు, కానీ ఆయన నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. గోల్‌కీపరు మాత్రం నవ్వలేదు. నా చేతిలోంచి ఒక కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, ప్యాలెట్ మీద పరిచాడు.

"సరే సారూ. ప్రతి శుక్రవారం మా క్యాంపు గేటుకు బస్సొస్తదని, మమ్ముల తీస్కపోయి తీస్కొస్తదని, గీడ మీరు రాసి సంతకం పెట్టున్రి. మేమందరం ముందలి దిక్కు పెడ్తం."

పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

సారు పెన్ను తీసుకున్నారు. కాగితాన్ని చూశారు. మైదానాన్ని చూశారు. "ఇలాంటివి ఆఫీసులో కూర్చుని, లెటర్‌హెడ్ మీద..." అన్నారు.

అప్పుడు లేచిన నవ్వు మామూలుది కాదు. అక్కడున్న యాభైమందికీ ఆ మాట బాగా పరిచయం. అది అద్దాలు లేవు అనే మాటే, కాస్త ఖరీదైన బట్టల్లో. డబ్బాలు మోగాయి. "సారుకు గూడ అమాసనే!" అని ఎవరో అరిచారు.

ఆయన ల్యాప్‌టాప్ మూశారు. వెళ్తూ నా వైపు తిరిగారు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"పోనీ మీరైనా పెట్టండి. డిగ్రీ చదివినవారు. రేపు ఆఫీసులో మనం మొహాలు చూసుకోవాలి కదండీ."

యాభైమంది చూస్తున్నారు. సోమవారం నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితాలు ఆయన బల్ల మీదికే వెళ్లాలి. అది నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుందని ఆయన కళ్లు చెప్పాయి.

"అద్దాలు మరిచిపోయాను సార్" అన్నాను.

అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి. వాటిలోంచే ఆయన ముఖం చాలా స్పష్టంగా కనిపించింది. కారు తిప్పుకుంటుంటే ఇసుకలో చక్రం కాస్త కూరుకుపోయింది. మా వాళ్లే నెట్టారు. పద్ధతి పద్ధతే.

సంతకాలు లేకుండా కమిటీ ఈ సీజనుకు ఏదీ మార్చదు. వచ్చే సీజను సంగతి అప్పుడు చూస్తాం, ఎలా చూడాలో ఇప్పుడు మాకు తెలుసు. ఆరోజు ట్యాంకరు కూడా రాలేదు. దుమ్ములోనే ఆడారు, ఓడారు. అంత సంతోషంగా ఓడిన జట్టును నేను చూడలేదు. మ్యాచ్ అయ్యాక ఒక్కొక్కడే వచ్చి నా భుజం తట్టాడు. స్టోరు సారు మస్తు చెప్పిండు, ముక్కు మీద అద్దాలు పెట్టుకోని చెప్పిండు అని వెల్డరు నన్ను అనుకరించి చూపించాడు. నేను పెద్ద విషయం కాదన్నట్టు చెయ్యి ఊపాను, అది పెద్ద విషయమని అందరికీ తెలిసేలా.

గోల్‌కీపరు స్తంభం పక్కన కూర్చుని గ్లవుజులు విప్పుతున్నాడు. ఆయన కూడా ఏదో ఒకటి అంటాడని దగ్గరికి వెళ్లాను. అన్నాడు.

"తమ్మీ, ఆరోది నువ్వు ముందే సదివినవు. సదివినంకనే మా రూములకు తెచ్చినవు."