పెళ్లికి ముందు మీ అత్తగారిని ఏమని పిలిచేవారు?

మా రెండు జిల్లాల్లో జన్యుశాస్త్రంలో పరిశోధన చేసిన తొలి ఆడమనిషినని సభల్లో నాకు శాలువాలు కప్పుతుంటారు. ఆ శాలువాలు బీరువాలో మగ్గుతున్నాయి. అసలు ఆ చదువులో ఎందుకు పడ్డానో మాత్రం ఎవరూ అడగలేదు. మా తమ్ముడికి పుట్టుచెవుడు. వాడు కడుపులో ఉండగా అమ్మ విజయనగరం సిరిమాను జాతర చూడటానికి వెళ్లిందట. ఆ డప్పుల మోతకే పిల్లాడి చెవులు పోయాయని మా నాన్నమ్మ, అంటే అమ్మకి సొంత మేనత్త, తీర్పు చెప్పేసింది. అమ్మ ఎదురు చెప్పలేదు. మళ్లీ సిరిమాను ముఖం చూడలేదు. తప్పు డప్పులది కాదని, అమ్మది అంతకంటే కాదని నేను రుజువు చెయ్యాలనుకున్నాను. మిగతా గొప్పలన్నీ తర్వాత వచ్చి చేరినవే.

అమ్మా నాన్నా బావామరదళ్లు కాబట్టి నా అనుమానం మేనరికం మీదికి పోయింది. ఒక్క ఇంటితో ఏదీ రుజువు కాదు. పుట్టుచెవుడున్న పిల్లల ఇళ్లు వెతుక్కుంటూ బస్సుల్లో, పాసింజరు రైళ్లలో తిరిగాను. నా ఫారంలో అసలు ప్రశ్న ఒకటే: భార్యాభర్తల మధ్య రక్తసంబంధం ఉందా? ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ లేదన్నారు. ఏడాది తిరిగేసరికి సంచి నిండా ‘లేదు’లే. మా గైడు ఫారాలు తిరగేసి, వేరే అంశం చూసుకోమన్నాడు. ఆడపిల్లవి, ఊళ్లు పట్టి తిరగడమేమిటని కూడా అన్నాడు. ఆ రెండో మాటకి ఒళ్లు మండి, ఇంకొక్క ఊరు చూసొస్తానని నౌపడ రైలెక్కాను.

అక్కడ ఉప్పుమళ్లలో పనిచేసే ఒకామెకి ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరికీ వినపడదు. ఆమె కూడా రక్తసంబంధం లేదంది. రాసుకుని లేవబోతుంటే టీ తాగి వెళ్లమని, లోపలున్న అత్తగారిని గ్లాసులు తెమ్మని కేకేసింది. ఆ కేక “అమ్మమ్మా” అని.

నేను మళ్లీ కూర్చున్నాను. అత్తగారిని అమ్మమ్మ అంటావేమని అడిగితే, అమ్మని కన్నదాన్ని ఇంకేమంటారని నన్నే అడిగింది. అంటే ఆమె మొగుడు ఆమెకి సొంత మేనమామ. మరి రక్తసంబంధం లేదన్నావే అన్నాను.

“సదువుకున్నదానివి, అదేటి మాటమ్మా? రత్తసమ్మందమంటే అన్నాసెల్లెళ్లు కదా. ఆళ్లకి ఎవులైనా పెళ్లి సేత్తారా? మావది మా ఇంటిపేరే కాదు.”

తప్పు ఆమెది కాదు, నాది. వాళ్ల లెక్కలో పెళ్లాడదగిన వరసవాడు రక్తసంబంధం కానే కాడు. పుస్తకంలో మాట పట్టుకొచ్చి నేనడిగిన ప్రశ్న వాళ్ల చెవికి తిట్టులా ఉండి ఉంటుంది. పాపం, మర్యాద తెలిసినవాళ్లు కనక లేదని ఊరుకున్నారు.

చీపురుపల్లి నుంచి మొదలుపెట్టి ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. ఈసారి ఫారం మూసి, పెళ్లికి ముందు మీ అత్తగారిని ఏమని పిలిచేవారని అడిగాను. అమ్మమ్మ అన్నవాళ్లున్నారు. అత్త అన్నవాళ్లు ఇంకా ఎక్కువ. పైసంబంధం చేసుకున్నవాళ్లేమో, పెళ్లికి ముందు ఆవిణ్ణి ఎరగనే ఎరగమన్నారు. సంచిలో ‘లేదు’లు సగానికి పైగా ‘ఉంది’ అయ్యాయి. ఈరోజుకీ నా దగ్గర పనిచేసే పిల్లలు ఊళ్లకి వెళ్తే మొదట అడిగేది అదే.

కొన్నాళ్లకి మా ఇంట్లోవాళ్ల రక్తపరీక్ష కూడా తమ్ముడి చెవుడు మేనరికం వల్లేనని చెప్పింది. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. డప్పుల వల్ల కాదమ్మా అన్నాను. లోపం నీలో ఒక పాలు, నాన్నలో ఒక పాలు ఉంది, రెండూ తమ్ముడి దగ్గర కలిశాయి. నీకు మీ నాన్న నుంచి, నాన్నకి మీ నాన్న తోబుట్టువైన నాన్నమ్మ నుంచి వచ్చింది అని వివరంగా చెప్పాను. నాన్నమ్మ పోయి అప్పటికి రెండేళ్లు.

అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది.

“మా అత్త బతికున్నప్పుడు ఈ మాట సెప్పలేకపోనావేటే?” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడు సిరిమానుకి అమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. డప్పులవాళ్ల పక్కనే నిలబడి, ఆఖరిదాకా చూసి వచ్చింది.