నాగరత్నమ్మవ్వ స్కానింగ్ ఫిల్ము

నంద్యాల కిరాణా అంగడి నాగరత్నమ్మవ్వ దేన్నీ పారేయదు. పొట్లాల దారాన్ని ఉండగా చుట్టి దాస్తుంది. తాతకు ఊడిన పన్ను కూడా ఏ డబ్బాలోనో ఉంటుందని మనవళ్ల అనుమానం. నడుము పట్టేసిన తాతను కర్నూలు ఆసుపత్రిలో చేర్చినప్పుడు, వారం కిందట తీయించిన స్కానింగ్ ఫిల్మును చీరల సంచిలో పెట్టుకుని మరీ పోయింది. డాక్టరు దాన్ని చూడకుండానే కొత్త స్కానింగ్ రాశాడు. అవ్వ ఫిల్ము తీసి ఆయన ముందు పట్టింది.

"మీకెందుకు పెద్దమ్మా బాధ? ఇన్సూరెన్సు వాళ్లే కడతారు."

"అందరూ అట్లా అనబట్టే కదా నాయనా, ఈ ఏడు మా ప్రీమియం రెట్టింపయింది! ఇంకోసారి పెరిగితే పాలసీ వదులుకోవల్ల. రేపు ఈయన గుండెకేమన్నా అయితే యాడికి పోయేది? వారంలో కొత్త ఎముకలు మొలిచినాయేమో, నువ్వే చూడు!"

తాత సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఫిల్ము పట్టుకున్న అవ్వ చేయి కిందికి దిగలేదు. డాక్టరు ఫిల్మును అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది చాల్లే," అని రాసింది కొట్టేశాడు.

అంతటితో ఊరుకుంటే ఆమె అవ్వెట్లా అవుతుంది? పక్క మంచం వైపు తిరిగింది.

"ఏమ్మా, మీ పాత ఫిల్ములు తెచ్చుకున్నారా, ఇంటికాడే పెట్టొచ్చినారా?"

మరునాడు డాక్టరు వార్డులోకి అడుగు పెట్టేసరికి, ఆరు మంచాల దగ్గర ఆరుగురు సంచులు విప్పుతున్నారు.