ఎడమ రాడ్డు బొట్టు

మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి సెల్లారులోకి ఒక పాత అంబాసిడర్‌ను తెచ్చి పెట్టుకున్నాడు. మొన్న ఆదివారం పాలకని కిందికి దిగితే కిరోసినూ పాత గ్రీజూ కలిసిన వాసన గుప్పుమంది, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కారు ముందు భాగమంతా విప్పి, పేపర్ల మీద రెండు పొడవాటి ఉక్కు రాడ్లు పక్కపక్కనే పెట్టుకుని, కొత్తవి వద్దు ఆంటీ, ఒరిజినల్ పార్టులే బాగుచేసి బిగిస్తాను అని మురిసిపోతున్నాడు. ఇందులో ఎడమది ఏది బాబూ అని అడిగాను. రెండూ ఒకటే కదా అన్నాడు. ఒకటి కావు. ఆ సంగతి నాకు తొమ్మిదేళ్ళ వయసులోనే తెలుసు. ఎలా తెలిసిందో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో మా నాయినకు రేకుల షెడ్డు ఉండేది, దాని వెనకే మా ఇల్లు. అంబాసిడర్ ముందు చక్రాల పనంటే అంబర్‌పేట నుంచి కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. వానాకాలమంతా షెడ్డు ముందు నిలిచిన నీళ్ళలో నూనె రంగురంగులుగా తేలుతుంటే మేం కాళ్ళతో కలిపి ఆడుకునేవాళ్ళం, పాడైన బేరింగులు పగలగొట్టి గుండ్లు తీసి గోళీలాడేవాళ్ళం, బతుకమ్మ రోజుల్లో అమ్మ రొట్టెలు, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు గ్రీజు చేతులతోనే తిని తిట్లు తినేవాళ్ళం. నాయిన చేతిలో ఎంత పనితనమో నోట్లో అంత విషం. గోడ మేకుకు తెగిపోయిన ఫ్యాన్ బెల్టు ఒకటి వేలాడుతుండేది. అది కార్లకు కాదు, మాకు.

అమ్మ తమ్ముడు యాదగిరి మామ జనగామ దిక్కు నుంచి వచ్చి ఆరేళ్ళు ఆ షెడ్డులో పని నేర్చుకున్నాడు. బెల్టు లేచినప్పుడల్లా మధ్యలోకి వచ్చి వీపు పెట్టేది ఆయనే. పెళ్ళి కుదిరింది, దసరా వెళ్ళగానే ఉప్పల్‌లో సొంత షెడ్డు పెట్టుకోబోతున్నాడు. పిల్లనిచ్చేవాళ్ళు ఆయన పనితనం చూసే ఒప్పుకున్నారు.

ఆ దసరాకు ముందే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి అంబాసిడర్ వచ్చింది. ఆయనకూ ఒరిజినల్ పార్టుల పిచ్చే. ముందు చక్రాలకు చెరో పొడవాటి ఉక్కు రాడ్డు ఉంటుంది, చక్రం గుంతలో పడినప్పుడల్లా అదే మెలితిరిగి బండి బరువు మోస్తుంది, ఏళ్ళ తరబడి ఒకవైపు మెలి అలవాటైన ఉక్కును రెండో వైపు బిగిస్తే విరుగుతుంది. పాత బండ్లలో వాటి మీది ఎడమ, కుడి గుర్తులు తుప్పుకు అరిగిపోయేవి. అందుకని నాయిన విప్పుతూనే కుంకుమను గ్రీజులో కలిపి ఎడమ రాడ్డుకు బొట్టు పెట్టేవాడు, ఈ బండికీ అలాగే పెట్టాడు. “ఎడమ దిక్కు ఆడిది, దానికి బొట్టు. కుడి దిక్కు మొగోడు, వాడు గట్లనే ఉంటడు” అని నవ్వేవాడు. ఆయన నవ్వేది అంతవరకే.

దసరా పొద్దున పానాలు, జాకీలు, సుత్తెలు అన్నీ కడిగి వరసగా పెట్టారు. దేన్నీ విడిచిపెట్టకుండా బొట్టు పెట్టు బిడ్డా అని అమ్మ కుంకుమ నా చేతికిచ్చింది. అన్నింటికీ పెట్టుకుంటూ రాడ్ల దాకా వచ్చాను. పండుగ పూట కుడిది బోసిగా కనిపించింది, అయ్యో పాపం అనిపించింది. నూనె మీద ఉత్త కుంకుమ నిలవలేదు, షెడ్డులోని గ్రీజు కుంకుమ డబ్బా తెచ్చి మరీ పెట్టాను. ఆ తరువాత యాటకూర తిని, జమ్మి ఆకు పంచి ఆ మాటే మర్చిపోయాను.

రెండు రోజులకు నాయిన ఏదో సామాను కోసం బయటికి వెళుతూ, నేను వచ్చేసరికి బండి చక్రాల మీద నిలబడాలి అని మామకు హుకుం వేశాడు. మామ చూస్తే రెండు రాడ్లకూ బొట్లున్నాయి. ఆగితే తిట్లు, అడుగుదామంటే మనిషి లేడు. అందాజాగా బిగించాడు. మూడో రోజు ఉప్పల్ దారిలో ఎడమ రాడ్డు విరిగి, బండి ఒక పక్కకు కూలబడి, లెక్చరర్ గారి నుదురు స్టీరింగుకు కొట్టుకుంది. కట్టు కట్టించుకుని ఆటోలో వచ్చి నిలబడ్డాడు. సందు సందంతా గుమిగూడింది.

“రెండిటికీ బొట్టు ఉండె బావా” అన్నాడు మామ.

నాయిన బెల్టు తీసుకుని నా దిక్కు తిరిగాడు. “ఎవలు పెట్టిన్రే?”

“మామనే పెట్టిండు” అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అమ్మ నా మొహం చూసింది. పూజనాడు కుంకుమ ఇచ్చింది తనే కదా, తెలియకేం! దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరం నోరు మూసుకున్నాం. నాయిన బెల్టు పడేసి, చెప్పు తీసి అందరి ముందూ మామ చెంపల మీద కొట్టాడు, ఆడిదెవరో మొగోడెవరో తెలవనోనికి పెళ్ళెందుకురా అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు పిల్లనిచ్చేవాళ్ళ దాకా పోయింది, పెళ్ళి పోయింది. ఉల్టా యాదగిరి అని పేరు పడింది, ఆ పేరున్నవాడికి నాచారంలో గానీ ఉప్పల్‌లో గానీ ముందు చక్రం పని ఎవరిస్తారు? మామ సందులో కనబడితే పిల్లలు ఉల్టా, ఉల్టా అని వెంటపడేవారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఊరుకుంటే అనుమానం వస్తుందని.

మొన్న ఆదివారం ఆ సెల్లారు నుంచే నేరుగా స్కూటీ తీశాను. మామ ఇప్పుడు పీర్జాదిగూడలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. దారిలో నాచారం సందు చూశాను. షెడ్డు చోట గోదాము లేచింది, ఆనాడు నవ్విన మెకానిక్కుల్లో కొందరు పోయారు, కొందరు ఎక్కడున్నారో తెలియదు. నాయిన పోయి ఎనిమిదేళ్ళు, ఆ వెనకే అమ్మ. ఆ రాడ్లేమిటో తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

మామ గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. కూర్చోమనలేదు. ఆ రెండో బొట్టు నేనే పెట్టాను మామా అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఏడుపు వచ్చింది కూడా.

“ఎరికె” అన్నాడు. “గా గ్రీజు కుంకుమ డబ్బ ఎక్కడుంటదో ఇంక ఎవలకెరిక? మీ నాయిన బతికున్నప్పుడు జెప్తే నాకు పనికొస్తుండె. ఇప్పుడు జెప్తే నీకే పనికొస్తది.”

నేను కళ్ళు తుడుచుకుంటుంటే లేచి గేటు గొళ్ళెం తీశాడు.

“స్కూటీ జర పక్కకు దియ్. నీళ్ళ ట్యాంకర్ వస్తది.”

తీశాను.