మూడో స్తంభం

లెక్కలో ఒక్కటి తేడా వస్తే కొంప మునుగుతుందా అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఒక్కటే తేడా వచ్చింది. కొంప మునగలేదు కానీ, అదే మునిగినా బాగుండేదనిపించింది. గోదారి పక్కన పుట్టినవాళ్లకి కొంప మునగడం అలవాటేగా!

అప్పట్లో నేను అమలాపురంలో ఒక కొబ్బరికాయల కొట్లో కాయలు లెక్కపెట్టే పని చేసేవాణ్ణి. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది, లెక్కలు మాత్రం ఆగలేదు. ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో చెప్పే కిటుకు ఒకటి సొంతంగా కనిపెట్టి, తొంభై ఆరు పేజీల నోటుబుక్కు నింపాను. వినే దిక్కే లేదు. మా ఆవిడకి చెప్పబోతే, "మన పెళ్లి ఏ వారం అయిందో తెలిసి ఇప్పుడేం చేస్తామండీ, అయిపోయింది కదా!" అని నిట్టూర్చేది.

ఆ దిగుల్లో నెట్ సెంటర్‌కి అలవాటుపడ్డాను. లెక్కల పిచ్చివాళ్లు చేరే ఒక చాట్ రూములో ఒకాయన పరిచయమయ్యారు. అక్కడ నా పేరు ఎక్కాలు, ఆయన పేరు సున్నా. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, అడ్రసు లేదు, ఫొటో లేదు, స్నేహితుడి పేరు సున్నా! అనంతపురంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారని మాత్రం తెలుసు. రెండేళ్లపాటు వారానికి మూడు సాయంత్రాలు మాట్లాడుకున్నాం. నేను మాట తక్కువ మనిషినని మొదట్లోనే రాశాను. అబద్ధం కాదు. కొట్లో నోరు తెరిస్తే కాయల లెక్క తప్పుతుంది మరి.

ఒకరోజు ఆయన నుంచి ఇలా వచ్చింది: "ఒక కన్ను పోయింది. రెండోది మసకేస్తాంది. విశాఖలో చూపించుకుని వెనక్కి పోతా రావులపాలెంలో దిగుతా. గంటన్నర ఉంటా. చూపు ఉండంగానే మీ నోటుబుక్కు చదవాల."

ఆ నోటుబుక్కు చదువుతానన్న మొదటి మనిషి ఆయన. రెండో మనిషి ఇంకా పుట్టలేదు.

ఇద్దరికీ సెల్‌ఫోన్లు లేవు. అందుకని గుర్తులు అనుకున్నాం. "బస్టాండులో ఆరు స్తంభాలుంటాయి, మూడో స్తంభం దగ్గర నిలబడండి" అని నేను రాశాను. "నా చేతిలో గొడుగుంటుంది" అని ఆయన రాశారు. అనంతపురంలో గొడుగు పట్టుకున్న మనిషిని ఊరంతా గుర్తుపడుతుందేమో! శ్రావణమాసంలో రావులపాలెంలో గొడుగు లేనివాణ్ణి వెతకాలి. ఈ ముక్క నాకు తట్టలేదు. నేను బస్సు లెక్కల్లో ఉన్నాను. ప్రయాణానికి గంటా పది నిమిషాలు, వానకి పావుగంట, పంక్చరుకి అరగంట. పంక్చరు పడలేదు. అరగంట ముందే దిగి, వానలో నానుతూ, నోటుబుక్కుని చొక్కాలో దాచుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.

వేళయింది. స్తంభాలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడో స్తంభానికి ఆనుకుని, చేతిలో గొడుగుతో తెల్లచొక్కా పెద్దాయన!

పదిమందిలో పెద్దమనిషిని "సున్నా గారూ" అని ఎలా పిలవడం? చెంప పగలగొట్టినా అడిగేవాడుండడు. గొంతు తగ్గించి, "మీరేనా అండీ?" అన్నాను.

"ఆయ్," అన్నారాయన.

"నేనేనండీ!"

"ఆయ్."

"ఎన్నాళ్లకి కలిసేమండీ!"

"ఆయ్, అవునండి మరి!"

అయ్యా, చదివేవారూ, మీరైనా చెప్పండి. అనంతపురం మనిషి మా గోదారి వాళ్లలా ఆయ్ అంటాడా? ఏడుని రెండుతో భాగిస్తే శేషం మిగల్లేదన్నట్టు లేదూ? కానీ పుట్టిన దగ్గర్నుంచి వింటున్న మాట కదా, ఉక్కపోతలాగే అదీ ఉందని చెవికి తట్టలేదు.

ఇక నా నోటికి గండి పడింది. ఆయన చెయ్యి పట్టుకుని, టీ తెప్పించి, రెండేళ్ల మౌనాన్నీ వడ్డీతో సహా కక్కేశాను.

"కళ్లెలా ఉన్నాయండీ?"

"దేవుడి దయవల్ల బాగానే ఉన్నాయండి."

"డాక్టరుగారు ఏవన్నారండీ?"

"ఏవంటారండీ, వాళ్లు ఏదోటి అంటానే ఉంటారు."

పాపం, నన్ను బాధపెట్టకూడదని దాస్తున్నారనుకున్నాను. కళ్లు తుడుచుకుని నోటుబుక్కు చేతిలో పెట్టాను. ఆయన నాలుగు పేజీలు తిప్పారు.

"దస్తూరీ ముత్యాల్లాగుందండి."

"అది సరేనండీ, లెక్క?"

"లెక్కంటే లెక్కేనండి మరి!"

నా జన్మ ధన్యమైంది. ఆ ధన్యత్వంలో ఒక్కో పేజీ ఆయనకి వివరించాను. ఆయన ఒక్కో పేజీకీ ఒక్కో ఆయ్ ఇచ్చారు. అరవయ్యో పేజీలో ఉండగా రోడ్డవతల నుంచి కేక వినిపించింది: "ఏవండోయ్ సత్యంగారూ! గెలలెక్కించేసేం, లారీ కదుల్తుందండీ!"

ఆయన నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "వస్తానండి మరి," అన్నారు.

"అదేంటండీ! మీది అనంతపురం కదా?"

"అబ్బే, మాది కొత్తపేటండి. అరటిగెలల యాపారం."

"మరి మీరేనా అంటే ఆయ్ అన్నారు!"

"నేను నేనే కదండీ! పైగా తవరు అంత ప్రేమగా చెయ్యట్టుకుని అడుగుతుంటే, కాదంటే బాధపడతారేమోనని..."

గడియారం చూశాను. గంటన్నర దాటి నాలుగు నిమిషాలు. సున్నాగారు ఎక్కాల్సిన విజయవాడ బస్సు హైవే ఎక్కుతోంది. నోటుబుక్కు ఊపుతూ పరిగెత్తాను. ఊపితే మాత్రం ఆయనకి కనిపిస్తుందా? వెనక్కి వచ్చేసరికి పక్క స్తంభం మొదట్లో, ఎవరో తడిగొడుగు ఆనించిన చోట, గుప్పెడు నీళ్లు నిలిచి ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత నెట్ సెంటర్‌లో ఆయన ఉత్తరం చూశాను.

"మూడో స్తంభం దగ్గరే నిలబడింటి. పక్క స్తంభం దగ్గర ఎవరో ఒకాయన ఆపకుండా మాట్లాడుతాండె. ముఖం కనపడలే, బస్సుల మోతలో మాటలు తెలియలే. మీరేమో అనిపించింది. కానీ మీరు మాట తక్కువ మనిషి కదా, కాదులే అనుకుంటి."

ఆరు స్తంభాలు. నేను అమలాపురం వైపు నుంచి లెక్కపెట్టాను, ఆయన హైవే వైపు నుంచి లెక్కపెట్టారు. ఆయన మూడోది నాకు నాలుగోది. ఏ వైపు నుంచి లెక్కపెట్టాలో నేను రాయలేదు.

క్షమించమని ఎన్నిసార్లు రాశానో, ఆ లెక్క మాత్రం పెట్టుకోలేదు. నెల తర్వాత వాళ్లమ్మాయి జవాబిచ్చింది. రెండో కన్ను కూడా పోయిందట. "మీ నోటుబుక్కు టైపు చేసి పంపండి అంకుల్, నేను చదివి వినిపిస్తా" అంది. ఒంటివేలితో, నాలుగు నెలలు, తొంభై ఆరు పేజీలూ కొట్టి పంపాను.

"నాన్న ఏడో పేజీలోనే ఆపమన్నారు అంకుల్. మీరు లీపు అనుకున్న పంతొమ్మిది వందల సంవత్సరం లీపు కాదంట. అక్కడి నుంచి వెనకున్న తేదీలన్నీ ఒక్కరోజు తేడా అంట. 'స్తంభం మాదిరే' అని నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులయింది."

ఆ తర్వాత చాట్ రూములో సున్నా పేరు పక్కన పచ్చదీపం మళ్లీ వెలగలేదు. నేను మాత్రం వారానికి మూడు సాయంత్రాలు, ఆ నెట్ సెంటర్ మూసేసేదాకా వెళ్లి చూశాను.

కాబట్టి ఆ తొంభై ఆరు పేజీల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరినీ "మీరేనా?" అని అడగను, "మీరెవరు?" అనే అడుగుతాను. ఎవరేమడిగినా అవుననో కాదనో తేల్చి చెబుతాను, మొహమాటానికి తలూపను.

మా ఆవిడ ఇదంతా చదివి, "నిజంగా ఈ మాట మీద నిలబడతారా అండీ?" అని అడిగింది.

"ఆయ్," అన్నాను.