రైలు పోయేదాకా ఆగిన గొంతు

మా మేడ ఎక్కితే తిరుమల కొండ మీది దీపాలు కనబడతాయి. రోజూ వాటిని చూస్తూ, ఆ స్వామి మీద అబద్ధపు ఒట్టు వేసేంత గుండె నాకు లేదు. కాబట్టి నమ్మండి... ఇది జరిగింది. నాకే జరిగింది. నిద్రలో లేను, జ్వరంలో లేను. భయం రెండు వారాల్లో తగ్గిపోయింది. సిగ్గు మాత్రం తగ్గలేదు. అందుకే చెబుతున్నాను.

నేను వెబ్‌సైట్లు చేస్తాను. తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో, రైలు పట్టాల పక్కన మా ఇల్లు. నేనూ అమ్మా, ఇద్దరమే. కింద అమ్మ, పై గదిలో నా బల్ల, నా లాప్‌టాప్. ఇంట్లో కూర్చుని ఒంటరిగా చేసే పని కదా, మాటకు మనిషి దొరకడు. అందుకని ఆన్‌లైన్‌లో మాకో గుంపు ఉంది. పేరు ‘కోడ్ అరుగు’. అందరం తెలుగు ప్రోగ్రామర్లమే. ఒకరి కోడ్ మొరాయిస్తే ఇంకొకరు చూసిపెడతారు. మధ్యమధ్యలో జోకులు. నా అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. బగ్గు అంటే ప్రోగ్రాంలో తప్పు కదా, సరదాగా ‘పాత బగ్గు’ అని పెట్టుకున్నాను. అందరూ నన్ను మగవాడనుకుని ‘అన్నా’ అనేవాళ్ళు. నేనూ కాదనలేదు.

అరుగులో ఒక ఆచారం ఉండేది. సరదాకి ఎవరైనా తప్పుడు సలహా ఇవ్వొచ్చు. కానీ వెంటనే దాని కింద ‘ఉత్తుత్తిదే’ అని రాయాలి. రాసినవాళ్ళే రాయాలి. కొత్తవాళ్ళు నిజమనుకుని చేతులు కాల్చుకోకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. పెట్టమని పట్టుబట్టింది కూడా నేనే.

ఆ కొత్తవాళ్ళలో ఒకాయన మునిరత్నం. సత్యవేడు దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి. పగలు ఫ్యాక్టరీలో షిఫ్టు, ఇంటికొచ్చాక పాత లాప్‌టాప్ ముందేసుకుని వెబ్‌సైటు చేయడం నేర్చుకునేవాడు. వాళ్ళ నాయన వీధినాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడట. చనిపోయే ముందు ఆయన ఫోన్లో పాడిపెట్టిన తొమ్మిది పాటలు ఉన్నాయి. వాటికొక సైటు కట్టాలని ఈయన తాపత్రయం. రాత పూర్తిగా వాళ్ళ ఊరి యాసే. మాకు అదొక వినోదం. ఆయన ప్రశ్న వస్తే చాలు, నవ్వు బొమ్మలు వరుస కట్టేవి.

ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు, మధ్యాహ్నమే రాశాడు.

“అన్నా, పాటలన్నీ ఎక్కించినా. బటన్ నొక్కితే పాడటంల్యా. రోంత సూడన్నా.”

సైటు తెరిచి చూశాను. చిన్న తప్పు. సరిచేసి, పరీక్షకు మొదటి పాట నొక్కాను. ముందు ఒక దగ్గు... తర్వాత బొంగురుపోయిన ముసలి గొంతు, ‘ఆ...’ అని ఎత్తుకుంది. నాలుగైదు సెకన్లు విన్నానేమో. ‘పనిచేస్తోంది’ అని రాసి మూసేశాను.

“నువ్వు సల్లగుండాలన్నా,” అన్నాడు.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు. “అన్నా, నాయన వేషాల ఫోటోలు ఎక్కడంల్యా. సర్వర్లో సోటు లేదంటాది. ఏం తుడిస్తే సోటొస్తాది?”

నాకు చెయ్యి దురద పుట్టింది. ఒక్క లైను రాశాను. ప్రోగ్రామర్లలో అదొక పాత జోకు. ఆ లైను నడిపితే సర్వర్లో ఉన్నదంతా, ఒక్క మాటైనా అడక్కుండా, ఊడ్చిపెట్టుకుపోతుంది. ఆ సంగతి అరుగులో అందరికీ తెలుసు. ఆయనకు తెలియదు.

దాని కింద నేను ‘ఉత్తుత్తిదే’ అని రాయలేదు.

మరిచిపోయానని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మాట రాస్తే జోకు చచ్చిపోతుందని రాయలేదు. నవ్వు బొమ్మలు వస్తున్నాయి... పది... పదిహేను... వాటిని చూసుకుంటూ కూర్చున్నాను. ఇంతలో అమ్మ సంగటి వేడిగా ఉందని పిలిచింది. దిగిపోయి తిన్నాను.

తిరిగొచ్చేసరికి ఆయన రాసి ఉన్నాడు.

“నువ్వు సెప్పినట్టే నడిపినానన్నా. సైటు తెరుసుకోల్యా. పాటలు యాడికి పోయినాయి?”

ఇంకెవరో అడిగారు, ఫోన్లో కాపీ లేదా అని. “ఫోన్లోంచే ఎక్కించినా, దాంట్లో సోటు సాల్లా. పైన ఎక్కినాయి గదా అని పొద్దున్నే తుడిసినా,” అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటుంది మా అమ్మ. అరుగులో నోరు జారినా తీసుకోవచ్చు. ‘అందరికీ తుడిచెయ్’ అని ఒక బటన్ ఉంటుంది. నొక్కాను. నా లైను మాయమైంది. అంతటితో ఆగానా... లేదు. “తెలియని కమాండ్లు ఎందుకు నడుపుతారండీ? బ్యాకప్ పెట్టుకోవాలని తెలియదా?” అని పెద్దమనిషి లాగా గద్దించాను. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. అందరూ నవ్వినవాళ్ళే కదా.

“తప్పు నాదేలే అన్నా,” అని రాశాడు మునిరత్నం. మర్నాటికి గుంపులో లేడు.

ఇది జరిగిన నాలుగు నెలలకు... మే నెల. రాత్రి ఒకటిన్నర. ఉక్క. పొద్దున్నకి ఒక సైటు అప్పగించాలి, పని మధ్యలో ఉన్నాను. టప్పున కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నెట్ డబ్బా మీది పచ్చ లైటు ఆరిపోయింది. వీధంతా చీకటి. కిటికీలోంచి కొండ మీది దీపాలు మాత్రం కనబడుతున్నాయి. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, లోపల దాని చిన్న ఫ్యాను గుయ్యిమంటోంది. గోడ మీద బల్లి ఒకసారి పలికింది.

అప్పుడు... ఒక దగ్గు.

అమ్మ అనుకున్నాను. కానీ అది మగ దగ్గు. కింద నుంచి రాలేదు. నా ముందు నుంచే వచ్చింది.

తర్వాత... ‘ఆ...’ అని ఎత్తుకుంది గొంతు.

నాలుగైదు సెకన్లే విన్న గొంతు. కానీ గుర్తుపట్టాను. ఆ బొంగురు, ఆ కింది నుంచి పైకి తీసే తీరు... లాప్‌టాప్ ఎడమ స్పీకర్ దగ్గర చెవి పెట్టాను. అక్కడి నుంచే. తెర మీద చూశాను, పాట తెరిచి లేదు. నెట్ లేదు. శబ్దం గుర్తు మీద అడ్డగీత ఉంది. అంటే నోరు మూసి ఉంది. అయినా పాట వస్తోంది... సన్నగా... పక్క గదిలో పాడినట్టు.

నిజం చెబుతాను, మొదట భయం వేయలేదు. ఆశ పుట్టింది. పాట దొరికింది! రికార్డు చేసి మునిరత్నానికి పంపితే... నా తప్పు కొంతైనా... ఫోన్ తీసి, రికార్డు నొక్కి, బల్ల మీద పెట్టాను.

పాట సాగుతోంది. దూరంగా రైలు కూసింది. పాకాల వైపు పోయే గూడ్సు. అది పోతుంటే మా కిటికీ అద్దాలు అదురుతాయి, పక్కన మనిషి మాట కూడా వినబడదు.

గొంతు ఆగింది.

పదం మధ్యలో ఆగింది.

రైలు వచ్చింది. అద్దాలు గలగలలాడాయి. ఒక పెట్టె... ఇంకో పెట్టె... ఎంతకీ తరగలేదు. చివరి పెట్టె చప్పుడు కూడా దూరమైంది. మళ్ళీ నిశ్శబ్దం.

అప్పుడు గొంతు... ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ పదం దగ్గర్నుంచే ఎత్తుకుంది.

ఎప్పుడో పాడిపెట్టిన పాట. మా వీధిలో రైలు పోయేదాకా ఎందుకు ఆగుతుంది? అది తట్టగానే భయం వేసింది. లేచి కిందికి పరుగెత్తాలనుకున్నాను. లేచాను. కుర్చీ కిర్రుమంది.

గొంతు మళ్ళీ ఆగింది.

ఊపిరి వినబడుతోంది. గరగరమనే ఊపిరి... ఒకటి... రెండు...

“ఎవురాడ?”

మెల్లగా అడిగాడు. కోపం లేదు. చీకట్లో అలికిడి విన్న ముసలాయన ఎవరైనా ఎలా అడుగుతారో, అలాగే.

నేను జవాబు చెప్పకుండా ఉండాల్సింది. కానీ నాలుగు నెలలుగా ఆ మాట గొంతులోనే ఉంది. బయటికొచ్చేసింది.

“నేనే... నేనే నాయనా. నేనే తుడిపించింది.”

నా గొంతు నాకే వేరేగా వినిపించింది. చాలాసేపు... బల్లి కూడా పలకలేదు.

“సరే... కూసో.”

కూర్చున్నాను. కుర్చీలో కాదు, నేల మీద. ఆయన పాట అందుకున్నాడు. చివరిదాకా పాడాడు. నేను తలెత్తలేదు, నా కాళ్ళ వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. దొంగతనం చేసి పట్టుబడిన పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడితే ఎలా ఉంటుందో, అలా ఉంది. కరెంటు ఎప్పుడొచ్చిందో తెలియదు. తల మీద గాలి తగిలి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. లాప్‌టాప్ మామూలుగా ఉంది.

ఫోన్లో పద్నాలుగు నిమిషాల రికార్డు ఉంది. విన్నాను. లాప్‌టాప్ గుయ్యిమనడం ఉంది. రైలు కూత ఉంది, రైలు ఉంది, కుర్చీ కిర్రు ఉంది. “నేనే... నేనే నాయనా. నేనే తుడిపించింది” అని నా ఏడుపు గొంతు ఉంది. అంతే. ఇంకేమీ లేదు.

పొద్దున అమ్మ కాఫీ ఇస్తూ అడిగింది. “రేత్రి ఎవురితో మాట్లాడతా ఉంటివే? తప్పు సేసిందాని మాదిరి ఉండాది నీ గొంతు.”

నవ్వేసి పైకొచ్చాను.

పైకొచ్చి, ప్రోగ్రామర్ బుర్రతో ఆలోచించాను. మనం ఒకసారి తెరిచిన సైటులోని బొమ్మలు, పాటలు బ్రౌజర్ తన దగ్గర ఒక కాపీ దాచుకుంటుంది. దాన్ని క్యాష్ అంటాం. ఆ మధ్యాహ్నం నేను పాట నొక్కాను కదా, అది దాంట్లో మిగిలి, ఏ లోపం వల్లో రాత్రి మోగిందేమో? వెతికాను. ఖాళీ. ఖాళీగానే ఉంటుంది మరి. సైటులో ఏ మార్పు చేసినా పాత కాపీ అడ్డొస్తుందని రోజుకు పదిసార్లు దాన్ని తుడిచేస్తాం. ముఖం మీద చెమట తుడుచుకున్నట్టు, చేతికి అలవాటైన పని.

అప్పుడు అర్థమైంది... మునిరత్నం ‘పాటలు యాడికి పోయినాయి’ అని అడిగిన ఆ సాయంత్రం, ఒక పాట నా లాప్‌టాప్‌లోనే ఉంది. మొత్తం తొమ్మిదిలో ఒక్కటైనా ఉంది. నేను నా లైను తుడుచుకునే తొందరలో ఉన్నాను, ఆ సంగతి తట్టలేదు. మర్నాడు పనిలో కూర్చోగానే, అలవాటు కొద్దీ, దాన్నీ తుడిచేశాను. అంటే రెండుసార్లు తుడిచింది నేనే. రాత్రి కంటే ఆ పొద్దునే నాకు ఎక్కువ వణుకు పుట్టింది.

ఆయన నంబరు పాత సందేశాల్లో దొరికింది. చేశాను.

“మునిరత్నం గారూ... అరుగులో పాత బగ్గును నేను.”

“ఓయమ్మా... ఆడకూతురా! అన్న అనుకుంటి గదమ్మా నేను.”

అంతా చెప్పాను. ఆ లైను జోకని, కింద రాయాల్సిన మాట కావాలనే రాయలేదని, ఆ తర్వాత నా తప్పు తుడిచేసి ఆయన్నే తిట్టానని.

“జోకని ఆ దినమే ఒకాయన సెప్పినాడులేమ్మా,” అన్నాడు. “నువ్వు తెలిసే రాసినావా, తెలీక రాసినావా... అదొకటే తెలీల్యా.”

“తెలిసే రాశాను,” అన్నాను.

“ఊఁ,” అన్నాడు. ఆ ఊఁ ఇంకా నా చెవిలోనే ఉంది.

పెట్టేయబోతూ అడిగాను. “మీ నాయన పాడుతుంటే గదిలోకి ఎవరైనా వచ్చారా? ‘ఎవురాడ’ అని, ‘కూసో’ అని పాట మధ్యలో ఎక్కడైనా అన్నారా?”

“లేదమ్మా. నన్నే లోపలికి రానీల్యా. గొంతు పోయింది గదా, ఎవురన్నా వింటే సిగ్గని గడియ పెట్టుకోని పాడినాడు. తొమ్మిది పాటలూ నాకు కంఠతా వచ్చు. ఆ మాట యాడా లేదు.” ఆగి అడిగాడు. “నీకు యట్ల తెలుసు?”

రాత్రి సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“ఆ రికార్డు పంపమ్మా.”

“దాంట్లో ఏమీ లేదండీ. నా గొంతొక్కటే ఉంది.”

“ఉండనీలే. పంపు.”

పంపాను. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు సందేశం వచ్చింది. “అమ్మా, రైలు పోయినాక, నీ కుర్సీ కిర్రుమనేదానికి ముందర, నాయన దగ్గు వినిపిస్తా ఉండాది. ఇంట్లో అందరికీ వినిపించినా. నువ్వు సల్లగుండు.”

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. శబ్దం ఎంత పెంచాలో అంతా పెంచి విన్నాను. శబ్దాన్ని గీతలుగా విడదీసి చూపించే ప్రోగ్రాంలో పెట్టి, రైలుకీ కుర్చీకీ మధ్య భాగం కొద్దికొద్దిగా జరుపుతూ చూశాను. అక్కడ లాప్‌టాప్ ఫ్యాను తప్ప ఏమీ లేదు. వందసార్లు విని ఉంటాను. నాకు వినిపించదు.

ఆ ఇంట్లో అందరికీ నిజంగానే వినిపించిందా? లేక మునిరత్నం నా మీద జాలితో ఆ మాట రాసి... దాని కింద ‘ఉత్తుత్తిదే’ అని రాయకుండా వదిలేశాడా?

ఫోన్ చేసి అడగొచ్చు. నాకు ముఖం చెల్లలేదు.